పంచదార లేని మూడేళ్లు

అరవై దాటిన మగవాడికి దేవుడిచ్చిన వరం ప్రోస్టేట్ వాపు! నవ్వకండి. నేను రిటైరైన లెక్కల మాస్టారిని. ఊరికే అనను, రుజువు చేస్తాను.

సొంత ఊరు తెలియాలంటే ఈ జబ్బు రావాలి. నలభై ఏళ్లు తెనాలిలో ఉండి తెలుసుకోలేనివి ఈ మూడేళ్లలో తెలుసుకున్నాను. ఏ హోటల్ వెనక దొడ్డి ఉందో, ఏ సినిమా హాలు గేటు మనిషికి జాలి ఎక్కువో నాకు కంఠతా వచ్చు. బాపట్ల బస్సు కండక్టరైతే నా ముఖం చూడగానే పొన్నూరు దాటాక తుమ్మచెట్ల దగ్గర తనే బెల్లు కొడతాడు. రేపల్లె మాత్రం రైల్లోనే వెళ్తాను. అందులో ఆ గది ఉంటుంది కదా, ఇంక సీటెవరికి కావాలి?

ఊళ్లో వ్యాపారానికీ మేమే ఆధారం. హోటల్ దొడ్డి వాడుకున్నందుకు మర్యాదకి ఒక కాఫీ తాగాలి. ఆ కాఫీ పావుగంటలో నన్ను పక్క హోటల్‌కి పంపిస్తుంది. అక్కడ ఇంకో కాఫీ!

ఇంత గొప్ప జబ్బుకి లోపం ఒక్కటే. పేరు పైకి చెప్పలేం. అందుకే మా వయసు మగవాళ్లం దాన్ని షుగర్ అంటాం. షుగర్ పరువైన జబ్బు. పెళ్లి పందిట్లో కూడా గట్టిగా చెప్పుకోవచ్చు. అయ్యో పాపం అంటూ జనం దారి కూడా ఇస్తారు.

నా స్నేహితుడు నబీ సాహెబ్ దర్జీ. సాయంత్రాలు ఆయన కొట్టు ముందు బల్ల మీద ఇద్దరం టీ తాగుతాం. 2004 ఎండాకాలంలో ఒకరోజు, ఒక్క టీ పూర్తయ్యేలోపు నేను రెండుసార్లు లేచి వెళ్లొచ్చాను.

"ఏంటి మాస్టారూ?" అన్నాడు.

"షుగరండి సాయిబుగారూ."

ఆయన కత్తెర పక్కన పెట్టాడు. "నాకూ అదే మాస్టారూ" అన్నాడు.

ఆ రోజు నుంచి ఇద్దరికీ పంచదార లేని టీ. రంజాన్ నాడు ఆయన ఇంట్లో అందరూ సేమియా పాయసం తాగుతుంటే మేమిద్దరం మూల కూర్చుని ఉప్పు బిస్కెట్లు నమిలాం. మూడు రంజాన్లు! ఇంత నిగ్రహం ఋషులకైనా ఉందా?

పోయిన నెల రేపల్లెలో బంధువుల పెళ్లికి వెళ్లిన నబీ సాహెబ్‌కి ఉన్నట్టుండి మూత్రం ఆగిపోయింది. పొట్ట బిగిసిపోయి మెలికలు తిరుగుతుంటే గుంటూరు తీసుకెళ్లి గొట్టం వేశారు. పరీక్ష చేస్తే షుగర్ లేనే లేదు. ఆపరేషన్ తప్పదన్నారు. మూడేళ్ల ముందే వచ్చి ఉంటే బిళ్లలతో సరిపోయేదేమో అన్నాడట డాక్టరు.

చూడ్డానికి వెళ్తే ఆయన భార్య అమీనా బీ నన్ను గుమ్మంలోనే ఆపింది. "రోజూ పక్కనే కూర్చుంటారు కదా అన్నయ్యా, మీకైనా చెప్పలేదా?" అని అడిగింది.

మర్నాడే మా ఆవిడ కాంతమ్మ నన్ను ఆ డాక్టరు దగ్గరికే లాక్కెళ్లింది. ఏంటి ఇబ్బంది అన్నాడాయన. గొంతు సవరించుకుని నోరు తెరిచాను. షుగరండి అని వచ్చింది!

"షుగరూ లేదు, ఏమీ లేదండి" అంది కాంతమ్మ. "రాత్రి ఆరుసార్లు లేస్తారు. వెళ్తే ఓ పట్టాన రారు. మూడేళ్లయింది."

మూడేళ్లుగా నా నోట్లో ఇరుక్కున్న మాట చెప్పడానికి ఆమెకు అర నిమిషం పట్టింది. పరీక్షలన్నీ చేసి, నాకు ప్రస్తుతానికి బిళ్లలు చాలన్నారు.

నబీ సాహెబ్ మూత్రం సంచీ కాలికి కట్టుకుని ఆపరేషన్ రోజు కోసం చూస్తున్నాడు. నిన్న బల్ల దగ్గరికి వచ్చి, టీలో రెండేసి చెంచాల పంచదార వేయించి ఒక గ్లాసు నాకిచ్చాడు. నేను తాగలేకపోయాను.

ఆ బల్ల మీద షుగర్ అన్న మాట ముందు అన్నది నేనే. ఆ సాయంత్రం నేను నిజం చెప్పి ఉంటే, ఆయన అప్పుడు కూడా "నాకూ అదే మాస్టారూ" అనే అనేవాడు.