ప్లంబర్‌కు ఇక సెలవు

గురువారం పొద్దున మధుకర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా ఆఫీసు చేరడం, నాలుగో అంతస్తులో లిఫ్టుల ఎదుట పోస్టర్ నిలబెట్టడం, దాని పక్కన నిలబడి ఫోటో దిగి హెడ్ ఆఫీసుకు పంపడం, ఆ తర్వాత నిమ్మళంగా కూర్చుని ఇడ్లీ తినడం.

మధుకర్ హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి అడ్మిన్ ఎగ్జిక్యూటివ్. ఏసీ ఆగినా, కుర్చీ చక్రం ఊడినా, టీలో చక్కెర తగ్గినా పన్నెండు వందల మంది తిట్టుకునేది అతన్నే. అది చాలదన్నట్టు హెడ్ ఆఫీసు ఈ నెల కొత్త పని పెట్టింది. ఆఫీసులో ఎవరు ఏ చిన్న మార్పు చేసి పని సులువు చేసినా, దాన్ని పోస్టర్‌గా గోడకెక్కించాలి. హౌస్‌కీపింగ్ వాళ్లు, సెక్యూరిటీ వాళ్లు కూడా చదివేలా తెలుగులోనే ఉండాలి. బాగా చేసినవాళ్లకు బహుమతి. చేయనివాళ్ల సంగతి ఎక్కడా రాయలేదు గానీ, పోయినేడు ఇలాంటి పనిలోనే తేలిపోయిన అడ్మిన్ ఒకాయన ఇప్పుడు జీడిమెట్ల గోడౌన్లో విరిగిన కుర్చీలకు నంబర్లు వేస్తున్నాడు.

విషయం మాత్రం మంచిదే దొరికింది. నాలుగో అంతస్తు ప్యాంట్రీలో సింకు పదమూడేళ్లుగా వారానికి రెండుసార్లు మూసుకుపోయేది. టీ బ్యాగులు, కరివేపాకు, నూడుల్స్, ఒకసారి ఎవరిదో ఐడీ కార్డు, అన్నీ అందులోకే. హౌస్‌కీపింగ్‌లో చేసే యాదమ్మ ఒకరోజు హఫీజ్‌పేట్ సంతలో చిన్న స్టీలు జల్లెడ కొనుక్కొచ్చి సింకు మూతిలో బిగించింది. ఆరు నెలలైంది, ప్లంబర్ మళ్లీ కనిపించలేదు.

దీనిమీద మధుకర్ మొదట నూట నలభై మాటలు, రెండు గ్రాఫులు, పైపు బొమ్మ, జల్లెడ బొమ్మ పెట్టాడు. తర్వాత హెడ్ ఆఫీసు పంపిన సూచనలు తెరిచాడు. పది అడుగుల దూరంలో నడిచిపోయేవాడికి మూడు సెకన్లలో అర్థం కావాలట. ఒక్క ముఖం పెద్దగా ఉండాలట. మాటలు పదికి మించకూడదట. మధుకర్ గ్రాఫులు తీసేశాడు. పైపు పోయింది. లిఫ్టుల ఎదుట సింకు ఫోటో ఎందుకని జల్లెడ కూడా పోయింది. '2012 నుంచి 2025 దాకా మూసుకుపోయిన సింకు' అన్న వాక్యంలో అంకెలు మిగిలాయి. బుధవారం సాయంత్రానికి 'ప్లంబర్‌కు ఇక సెలవు' అన్న శీర్షిక, యాదమ్మ పేరు, ముఖం, ఆ రెండు అంకెలు తప్ప ఏమీ లేవు. చూసుకుని మురిసిపోయి, హఫీజ్‌పేట్‌లో ఫ్లెక్సీలు కొట్టే బుల్లిబాబుకు వాట్సాప్ చేశాడు. పది నిమిషాల్లో బుల్లిబాబు ఫోన్ చేశాడు.

"సార్, 'ప్లంబర్‌కు ఇక సెలవు' ఒక లైన్లో పట్టట్లేదండి. అక్షరాలు చిన్నవి చేసేయనా?"

మధుకర్‌కు పది అడుగుల దూరం గుర్తొచ్చింది. "చిన్నగ చెయ్యకు. ప్లంబర్ని తీసెయ్."

"అలాగేనండి. ఫోటో ఐడీ కార్డుదిలా ఉంది, బ్లాక్ అండ్ వైటు. కలర్‌ది ఉంటే పంపుతారా?"

"అదే పెట్టు. ఇప్పుడు తీద్దామంటే మనిషి లేదు కదా."

బుల్లిబాబు గొంతు తగ్గించాడు. "అయ్యో. ఎప్పుడండీ?"

"మంగళవారం."

"సరేనండి. మీరేం పెట్టుకోకండి మనసులో. మిగతాది నేను చూసుకుంటాను."

ఎంత మంచివాడు అనుకున్నాడు మధుకర్.

రాత్రి వాన పడింది. గురువారం పొద్దున నల్లగండ్లలో క్యాబ్ ఎక్కిన మధుకర్ ఎనిమిదింటికి ఇంకా గచ్చిబౌలి ఫ్లైఓవర్ కింద ముందున్న వాటర్ ట్యాంకర్ వెనుకభాగం చదువుతున్నాడు. ఈలోగా బుల్లిబాబు స్వయంగా పోస్టర్ తెచ్చి సెక్యూరిటీ గార్డు పోచయ్యకు అప్పగించి, తల వంచుకుని వెళ్లిపోయాడు. మధుకర్ సారు చెప్పిన చోటే కదా అని పోచయ్య దాన్ని లిఫ్టుల ఎదుట నిలబెట్టాడు. ఆరడుగుల ఫ్లెక్సీ. నడుమ నలుపు తెలుపుల్లో యాదమ్మ. పైన 'ఇక సెలవు'. కింద పేరు, 2012–2025. చుట్టూ బంతిపూల దండ, రెండు పక్కలా వెలిగే దీపాలు.

పోచయ్య కూడబలుక్కుని చదివాడు. యాదమ్మ చెల్లెలి బిడ్డ పెళ్లికి సెలవు పెట్టి నారాయణఖేడ్ దగ్గర ఊరికి వెళ్లిన సంగతి అతనికి తెలుసు. సెలవు పెట్టినందుకే ఇంత బోర్డు కట్టారా అని ఆశ్చర్యపడ్డాడు. పెళ్లి కదా, దీపాలు అందుకే అనుకుని సరిపెట్టుకున్నాడు.

ఎనిమిదింబావుకు హెచ్ఆర్ హెడ్ శ్రీలత లిఫ్టు దిగింది. కాకినాడ మనిషి, హైదరాబాద్ వచ్చి రెండేళ్లే అయింది. పోస్టర్ ముందు ఆగి, చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

"పోచయ్యా, యాదమ్మ..."

"పోయింది మేడం. మంగళారం పొద్దుగాల్ల."

"ఎలా పోయింది?"

"బస్సుల. నేనే దస్తీ ఏసి సీటు పట్టిన. మస్తు రష్ ఉండె."

శ్రీలత గోడ పట్టుకుంది. "ఆవిడొక్కతేనా?"

"ఒక్కతి ఎట్ల పోతది మేడం. బిడ్డ, అల్లుడు, ఇద్దరు మనుమలు, అందరు పోయిండ్రు."

"దేవుడా. మరి నీకేం బాధగా లేదా?"

"బాధెందుకు మేడం. నన్ను గూడ రమ్మన్నది. డ్యూటీ ఉండవట్టి ఆగిన."

శ్రీలత నేరుగా తన గదికి వెళ్లింది. సీట్లో కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ, పన్నెండు వందల మందికి మెయిల్ పెట్టింది.

ఆ మెయిల్ మధుకర్ ఫోన్లో కొండాపూర్ దగ్గర మోగింది. బస్సు ప్రమాదంలో కుటుంబంతో సహా యాదమ్మ గారి మృతి, పదకొండింటికి సంతాపసభ. మధుకర్ మనసు కలుక్కుమంది. పాపం, మంచి మనిషి అనుకున్నాడు. ఇంకా కిందికి జరిపితే పోస్టర్ ఫోటో కనిపించింది. మెయిల్ చివర శ్రీలత రాసింది: 'సమాచారం అందిన వెంటనే ఇంత చక్కటి చిత్రపటం ఏర్పాటు చేసిన మధుకర్ గారికి కృతజ్ఞతలు.'

ఆ చావు పుట్టింది తన పోస్టర్లోంచేనని అర్థమై, అతను బుల్లిబాబుకు ఫోన్ చేశాడు.

"ఆ దీపాలేందయ్యా?"

"నా తరఫున పెట్టానండి. మీరు బాధలో ఉండి చెప్పడం మరిచిపోయారనుకున్నాను."

ఆఫీసు చేరేసరికి పోస్టర్ కింద మల్లెపూలు, గులాబీలు, ఎవరో పెట్టిన ఫిల్టర్ కాఫీ. జావా టీం వాళ్లు వరసగా నిలబడి దండం పెడుతున్నారు. మధుకర్ శ్రీలత దగ్గరికి పరుగెత్తాడు.

"మేడం, అది సింకు గురించి మేడం."

"తెలుసండి," అంది శ్రీలత అతని భుజం తట్టి. "ఎవరి బాధ వాళ్లకు ఏదో ఒక రూపంలో గుర్తొస్తుంది. కాసేపు కూర్చోండి."

పదకొండింటికి కెఫెటేరియా నిండిపోయింది. రెండు నిమిషాల మౌనం అయ్యాక డైరెక్టర్ శేఖర్ మైకు తీసుకున్నాడు. యాదమ్మ పెట్టిన జల్లెడ గురించి సభలో ఎవరో చెప్పగా అప్పుడే విని, ఎప్పటినుంచో తెలిసినట్టు మాట్లాడాడు. తర్వాత మాత్రం నిజమే చెప్పాడు. మూడేళ్ల నుంచి ఆవిడ తనను ఒకటే అడిగిందట. హౌస్‌కీపింగ్ ఆడవాళ్లకు కూర్చుని అన్నం తినడానికి గది లేదు, ఫైర్ ఎగ్జిట్ మెట్ల మీద తింటున్నామని. పరిశీలిస్తానని ప్రతిసారీ చెప్పాడట.

"పరిశీలించడం అయిపోయింది," అన్నాడు శేఖర్. "నాలుగో అంతస్తులో గేమింగ్ జోన్‌కని ఉంచిన గది యాదమ్మ గారి పేరు మీద వాళ్లకే ఇస్తున్నాను. సోమవారం ప్రారంభం."

చప్పట్లు కొట్టాలా వద్దా తెలియక జనం ముక్కులు చీదారు. నిజం చెప్పేద్దామని మధుకర్ లేవబోయాడు. వెనుక నుంచి ఎవరో అతని చొక్కా పట్టి గట్టిగా లాగారు. యాదమ్మతో కలిసి పనిచేసే లక్ష్మమ్మ.

"యాదమ్మ బతికే ఉంది లక్ష్మమ్మా," అన్నాడు మధుకర్ గుసగుసగా.

"నాకెర్క లేదా సారూ. పొద్దుగాల్లనే ఫోన్ జేసింది, పెండ్లిల మటన్ తక్కువైందని." లక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చూసేవాళ్లకు ఏడుస్తున్నట్టే ఉంది. "గది తాళం చేతికొచ్చేదాక జర ఆగుండ్రి."

మధుకర్ మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. సభ అయ్యాక ఫైర్ ఎగ్జిట్ మెట్ల మీదికి వెళ్లి యాదమ్మకే ఫోన్ చేశాడు. వెనుక బ్యాండు మోగుతోంది.

"లక్ష్మమ్మ అంత చెప్పింది సారూ," అంది యాదమ్మ. "మీరేం ఫికర్ చెయ్యకుండ్రి. సోమారం దాక నేను చచ్చే ఉంట."

"నా ఉద్యోగం పోతది యాదమ్మా."

"మీరు గిట్ల పరేషానయితే ఎట్ల. పోయినోళ్లకు దండేసినోని ఉద్యోగం ఎవ్వరు తియ్యరు. ఇగో, ఆ గదిల ఫ్యాను గూడ పెట్టియ్యమనుండ్రి."

మధుకర్ ఫోను వంక చూశాడు. మూడేళ్లుగా ఆ మెట్ల మీద, ఆ గోడకానుకుని అన్నం గిన్నెలు విప్పే ఆడవాళ్ల పక్కనుంచే అతను రోజూ దిగివెళ్లేవాడు. ఇప్పుడు తనే అక్కడ కూర్చుంటే నడుము పట్టేసింది. లేచి శ్రీలత గదికి వెళ్లాడు.

"మేడం, యాదమ్మకు ఫ్యాన్ కావాలని కోరిక ఉండేదట."

శ్రీలత కళ్లలో నీళ్లు తిరిగాయి. సాయంత్రానికి ఫ్యాను వచ్చింది.

శుక్రవారం పొద్దున లక్ష్మమ్మ వచ్చి, యాదమ్మకు అద్దం అంటే ప్రాణమని చెప్పింది. అద్దం వచ్చింది. మధ్యాహ్నం మరో కోరిక బయటపడింది, బట్టలు పెట్టుకునే లాకర్లు. తర్వాత అన్నం వేడి చేసుకునే ఓవెన్, వేడినీళ్లు, కాళ్లు చాపుకునే సోఫా. పెళ్లివారింట ఖాళీ దొరికినప్పుడల్లా యాదమ్మ కొత్త ఆఖరి కోరిక ఫోన్లో చెప్పేది. శేఖర్ దేనికీ కాదనలేదు. శనివారం మాత్రం, "ఆవిడకు టీవీలో సీరియళ్లు కూడా ఇష్టమా అండీ?" అని శ్రీలత కాస్త అనుమానంగా అడిగింది.

"వద్దులెండి మేడం. ఆమెకు అంత ఆశ లేదు," అన్నాడు మధుకర్, యాదమ్మను అడగకుండానే. ఆ రెండు రోజులూ అతను ఇంట్లో అన్నం సరిగ్గా తినలేదు.

సోమవారం పదింటికి గది ముందు ఎర్ర రిబ్బన్ కట్టారు. హెడ్ ఆఫీసు ఆవిడ పెద్ద తెర మీద వీడియోలో కూర్చుంది. పోస్టర్ పక్కనే నిలబెట్టారు, దండ కూడా మార్చారు. ఇలాంటి సందర్భాల్లో కత్తెర పళ్లెం పట్టుకునేది హౌస్‌కీపింగ్ వాళ్లే. శేఖర్ రెండు మంచి మాటలు చెప్పి, పళ్లెంలోంచి కత్తెర తీసుకుని, ఆనవాయితీగా "థాంక్స్ అమ్మా" అన్నాడు. రిబ్బన్ తెగింది. ఫోటోలు పడ్డాయి. యాదమ్మ పళ్లెం పట్టుకుని నిలబడే ఉంది. ఒక్కరూ ఆమె ముఖం చూడలేదు.

చూసింది పోచయ్యే. "వచ్చినవా యాదమ్మా. పెండ్లి మంచిగైందా?"

"మంచిగైంది. మటనే జర తక్కువైంది."

శేఖర్ పళ్లెం వైపు, పోస్టర్ వైపు, మళ్లీ పళ్లెం వైపు చూశాడు. శ్రీలత లోపలికి వెళ్లి కొత్త సోఫాలో కూలబడింది. పన్నెండు మంది హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు ఊపిరి బిగబట్టారు. మధుకర్‌కు జీడిమెట్ల గోడౌన్, అందులో విరిగిన కుర్చీలు ఒక్కొక్కటే కనిపించాయి.

"సారూ," అంది యాదమ్మ నెమ్మదిగా. "ఫోటోకు దండేసి, బతికున్న మనిషికి గది లేదంటరా?"

శేఖర్ కత్తెర తిరిగి పళ్లెంలో పెట్టాడు. అంతలో తెర మీది ఆవిడ, పళ్లెంతో ఉన్న ఈమె ఎవరని ఇంగ్లీషులో అడిగింది. శేఖర్‌కు ఇరవై రెండేళ్ల అనుభవం. టై సవరించుకున్నాడు.

"పోస్టర్లో ఉన్నది ఈవిడే. మనుషుల విలువ వాళ్లు ఉన్నప్పుడే తెలుసుకోవాలని, మా మధుకర్ కావాలనే ఇలా డిజైన్ చేశాడు."

తెర మీది ఆవిడ రెండు చేతులూ గుండెకు ఆనించుకుంది. మధుకర్ కావాలనే చేసినవాడిలా నిలబడడానికి ప్రయత్నించాడు. యాదమ్మ పళ్లెం శేఖర్ చేతికిచ్చి, లోపలికి వెళ్లి, శ్రీలత పక్కన సోఫాలో కూర్చుని కాళ్లు చాపింది.

సాయంత్రం శ్రీలత పన్నెండు వందల మందికి సవరణ పంపింది. 'యాదమ్మ గారి మరణం విషయంలో గురువారం నాటి మెయిల్‌లో చిన్న అచ్చుతప్పు దొర్లింది' అని. వారం తర్వాత సర్వే చేస్తే, సింకులో జల్లెడ ఎందుకుందో చెప్పలేని మనిషి ఆ ఆఫీసులో ఒక్కడూ దొరకలేదు. అన్ని ఊళ్ల ఆఫీసుల్లోనూ మధుకర్ పోస్టర్‌కే మొదటి బహుమతి వచ్చింది. ఇక నెలనెలా ఒక ఉద్యోగి మీద ఇలాంటిదే చేయాలని హెడ్ ఆఫీసు అతన్ని ఆదేశించింది.

వచ్చే నెల పోస్టర్‌కు ఎవరైనా మంచి ఫోటో పంపండని మధుకర్ అందరికీ మెయిల్ పెట్టి నేటికి పద్దెనిమిది రోజులు, ఒక్క ఫోటో కూడా రాలేదు.