ఎర్రదీపంపై డెల్ఫిన్ దండయాత్ర

మండువేసవి ఎండ తాల్ సరస్సు మీద కరిగిన వెండిలా పరుచుకోగా, ఆ జలరాశి నడుమ కొలువుదీరిన అగ్నిపర్వతం బద్ధకంగా ఆవులించి ధవళధూమాన్ని గగనానికి వదులుతుండగా, కర్షకజనశరణ్యుడైన సాన్ ఇసిద్రో ఊరేగింపు ముంచుకొచ్చి వీధివీధినా రంగుకాగితాల తోరణాలు రెపరెపలాడుతున్న మే మాసపు శుభవేళ, క్షురకకులశిఖామణి, ప్రచండకర్తరీధారి, సకలగ్రామశిరోభారహరుడు అయిన మాంగ్ డెల్ఫిన్ మకరాయెగ్ తన మంగలి దుకాణం తలుపు మూసి, చొక్కా విప్పి, సమరసన్నద్ధుడై సొంత కారు కిందికి దూరిన మహోదంతాన్ని, సహృదయులారా, చెవులొగ్గి వినండి!

ఆ రథరాజం ఆకుపచ్చనిది, డెల్ఫిన్ పెళ్ళికన్నా పాతది. తండ్రి కాలం నుంచీ సాన్ ఇసిద్రో విగ్రహం నిలిచే పూలబండిని అదే లాగుతోంది. రహదారి మీద పరుగెత్తేటప్పుడు అది మృదుభాషిణి. కాని ఇంజిన్ వేడెక్కాక మనిషి నడకతో సమంగా కదలవలసి వచ్చిందా, ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని హెచ్చరించే, స్టీరింగు వెనకున్న ఎర్రదీపం క్రోధారుణనేత్రంలా మిణుకుమనేది. మరుక్షణం వాల్వులు టకటకటకమంటూ రణభేరి మోగించేవి. ఊరేగింపంటేనేమో ఆసాంతం మనిషి నడకే.

కనుకనే ఊరేగింపు పెత్తనమంతా చేతిలో ఉన్న ఆతె సియోన్, అంటే డెల్ఫిన్ తోడబుట్టిన అక్క, జపమాల చేతపట్టుకుని దుకాణం ముందు సాక్షాత్కరించింది.

"ఒరేయ్ డెల్ఫిన్! పోయినేడు జపం చేస్తుంటే నా గొంతు నాకే వినపళ్ళేదు. నీ కారు కుట్టుమిషన్‌లా ఒకటే టకటక. ఈసారి పూలబండిని మీ పక్కింటి బెనింగ్ కొత్త పికప్‌కి కట్టేస్తాం."

"ఆతే! నాన్న నడిపిన బండి ఇది! దీని స్థానంలో బెనింగ్ పికప్పా? నేను బతికుండగానా?"

"నువ్వు బతుకు నాయనా, ఎవరొద్దన్నారు? చప్పుడు చావాలి, అంతే. ఊరేగింపు రోజు, ఆదివారం పొద్దున వచ్చి వింటా."

అక్క వెళ్ళిపోయింది. అవమానాగ్నిదగ్ధహృదయుడైన డెల్ఫిన్ పానా పైకెత్తి భార్య మిలింగ్ ఎదుట భీషణప్రతిజ్ఞ చేశాడు.

"మిలింగ్! విను! ఈ టకటక నోరు నొక్కేదాకా ఈ చేత్తో కత్తెర పట్టను! గడ్డాలు గుండెలదాకా పెరగనీ! ఊరంతా రుషులైపోనీ!"

"సరేలే, చేతులు కడుక్కుని ముందు అన్నం తిను. చేప చల్లారిపోతోంది."

భోజనానంతరం ప్రథమసంగ్రామం మొదలైంది. వీరుడు ఇంజిన్ తలమీది మూత తీశాడు. వాల్వుల కొసల దగ్గర సందులు ఎక్కువైతే టకటక పుడుతుందని అతడికి తెలుసు. పల్చటి ఉక్కురేకును ఒక్కొక్క సందులో దూర్చి, పెళ్ళికొడుకు మీసం దిద్దేటంత ఓర్పుతో అన్నిటినీ సరిచేసి, మూత బిగించి, తాళం తిప్పాడు. ఇంజిన్ మెత్తగా గుర్రుమంది.

"విన్నావా మిలింగ్? పిల్లి! పాలు తాగిన పిల్లి!"

విజయసూచకంగా ఆమె బరాకో కాఫీ అందించింది. హా, విధి! కప్పు సగమైనా కాకముందే ఇంజిన్ వేడెక్కింది, దీపం కన్ను తెరిచింది. టక. టకటక. టకటకటక. విజేత మీసం వాలిపోయింది.

గోడ మీదుగా బెనింగ్ తల పెట్టాడు. పికప్ యజమాని అయినా అతడిది ద్రోహబుద్ధి కాదు. వట్టి సలహాబుద్ధి.

"పారే, మిత్రమా, ఎందుకీ తంటా? చిక్కటి ఆయిల్ పొయ్యి. ఆదివారం ఎలాగో గడిచిపోద్ది."

డెల్ఫిన్ మనస్సు ఊగిసలాడింది. సులభోపాయం కదా! అప్పుడు మిలింగ్ చీపురు పక్కన పెట్టింది.

"చిక్కటిది పోస్తే చప్పుడు తగ్గుద్దేమో. పైదాకా ఆయిల్ ఎందుకు అందట్లేదో తెలుస్తుందా? దారి మధ్యలో ఇంజిన్ పట్టేస్తే, నువ్వూ బెనింగూ కలిసి సాన్ ఇసిద్రోని మోస్తారా?"

బెనింగ్ తల గోడ వెనక అస్తమించింది.

మరునాడు ద్వితీయసంగ్రామం. కారును జాకీతో లేపి, కింద గట్టి దిమ్మలు పెట్టి, వెల్లకిలా పడుకుని డెల్ఫిన్ పాతాళప్రవేశం చేశాడు. పాత ఆయిల్ దించి, ఇంజిన్ అడుగున ఉన్న ఆయిల్ తొట్టి ఊడదీశాడు. కాలకూటసన్నిభమైన నల్లటి మడ్డి అతడి నుదుటిని అభిషేకించింది. ఆయిల్‌ను పైకి లాగే పంపు మూతి దగ్గరి జల్లెడ అదే మడ్డితో సగం పూడిపోయి ఉంది. కిరసనాయిలుతో దాన్ని కడిగి, తళతళలాడించి, ఇక శత్రుశేషం లేదని లేవబోయాడు.

టార్చిలైటు పట్టుకుని పక్కనే కూర్చున్న మిలింగ్ లేవనివ్వలేదు. "పంపు కూడా విప్పు. ఇంత మురికి జల్లెడ దగ్గరే ఆగి ఉంటుందా?"

విప్పాడు. ఒత్తిడి మితిమీరినప్పుడు మాత్రమే తెరుచుకుని ఆయిల్‌ను వెనక్కి వదలవలసిన చిన్న ఉక్కుబిళ్ళ ఒకటి పంపు లోపల స్ప్రింగు మీద ఉంటుంది. అది సగం తెరుచుకుని ఇరుక్కుపోయింది! పైకి పోవలసిన ఆయిల్ అంతా ఆ సందులోంచి తిరిగి కిందికే జారుతోంది. ఆ మహాద్వారాన్ని మూసుకోనివ్వని దురాత్ముడు ఎవడు? గోరుతో పెకలించి వెలుగులో పెట్టి చూశారు. బియ్యపుగింజంత గట్టిపడిన నీలిరంగు జిగురుముక్క.

"తొట్టి అంచుకి రాసే జిగురు కదా ఇది? ఎవరు రాశారు?" అంది మిలింగ్.

డెల్ఫిన్ కాసేపు చక్రాన్ని పరిశీలించాడు. "నేనే. కిందటిసారి. కొంచెం దట్టంగా పడింది."

"కొంచెమా? కేకుకి క్రీము పూసినట్టు పూశావు. వద్దని అప్పుడే చెప్పా."

"చెప్పావా?"

"చెప్పా. అప్పుడు కూడా ఏదో ప్రతిజ్ఞ చేస్తున్నావు."

శత్రువు స్వహస్తసంభవుడని తెలిసిన వీరుడు ఆ ఉక్కుబిళ్ళను కడిగి, నునుపుగా జారేదాకా నెమ్మదిగా రుద్దాడు. ఈసారి జిగురు పల్చగా, తల్లి చంటిబిడ్డకు కాటుక దిద్దినట్టు రాశాడు. కొత్త ఆయిల్ పోసి, స్పార్కుప్లగ్గులు తీసి ఇంజిన్‌ను ఉత్తినే తిప్పితే, ఆయిల్ పైకెక్కి దీపం ఆరిపోయింది.

ఆదివారం పొద్దున ఆతె సియోన్ వచ్చి, చెయ్యి చెవికి చేర్చి విని, పెదవి విరిచింది.

"చల్లగా ఉన్నప్పుడు ఎవరైనా బుద్ధిమంతులే. సాయంత్రం చూద్దాం. బెనింగ్‌ని పికప్ వేసుకుని వెనకే రమ్మన్నా."

సాయంత్రమైంది. అరటిగెలలతో, వరికంకులతో, కుసుమసహస్రంతో అలంకృతమైన పూలబండి ఆకుపచ్చ కారు వెనక కదిలింది. డెల్ఫిన్ కళ్ళు దారిమీద ఒక క్షణం ఉంటే దీపం మీద రెండు క్షణాలున్నాయి. బజారు మలుపులో బ్యాండువాళ్ళు ఆగారు. ఊరేగింపంతా ఆగింది. ఎండకు కాగిన ఇంజిన్, కదలని చక్రాలు, లోపల చెమటలు కక్కుతున్న సారథి! మిలింగ్ పక్కసీట్లో కూర్చుని అతడి మోకాలి మీద చెయ్యి వేసింది. దీపం నల్లగా ఉంది. ఇంకా నల్లగానే ఉంది.

అంతలో ఆతె సియోన్ జపం ఆపి, గబగబా వచ్చి కిటికీలో తల దూర్చింది.

"నే చెప్పలా? ఆగిపోయిందిగా! కుర్రాళ్ళని పిలవనా, తోస్తారు?"

"నడుస్తోంది ఆతే."

"ఏది నడుస్తోంది?"

"ఇంజిన్."

ఆమె నమ్మలేదు. బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. సన్నటి వణుకు తగిలింది కాబోలు, చెయ్యి తీయకుండా అలాగే నిలబడి, తండ్రి కాలంనాటి ఆ పచ్చరంగును ఒకసారి నిమిరి, వెనక్కి తిరిగి పికప్ వైపు చెయ్యి ఊపింది.

"బెనింగ్! నువ్వింటికి పో!"

అలా వీరాధివీరుడైన మాంగ్ డెల్ఫిన్ మకరాయెగ్, సహధర్మచారిణీసమేతుడై, శనగగింజంత ఎర్రదీపం బజారు మలుపు నుంచి చర్చి వాకిలిదాకా ఒక్కసారైనా వెలగకుండా దిగ్విజయం సాధించాడని సమస్తలోకాలూ తెలుసుకొనుగాక! గడ్డాలు పెరిగినవాళ్ళు రేపు పొద్దున దుకాణానికి రావచ్చు.