నీలకంఠం తరఫువాళ్లు

ఆ గురువారం ఉదయానికి నీలకంఠం వేసుకున్న పథకం చిన్నది: ఎవరికీ కనబడకుండా ఆసుపత్రికి వెళ్లడం, ఎవరికీ తెలియకుండా తిరిగి రావడం.

ఉక్కు కర్మాగారంలో అతను క్రేన్ నడుపుతాడు. అరవై అడుగుల ఎత్తున, గాజు గదిలో, ఎనిమిది గంటలు ఒక్కడే కూర్చుంటాడు. దిగివచ్చి, గాజువాకలోని అద్దెగదిలో మళ్లీ ఒక్కడే కూర్చుంటాడు. నలభై దాటినా పెళ్లి కాలేదు, అమ్మానాన్నలు లేరు. నాలుగు నెలలుగా మొలల నుంచి రక్తం పడుతున్నా, చెప్పుకోవడానికి మనిషి లేడు.

డాక్టరు ధైర్యం చెప్పాడు. కెమెరా ఉన్న సన్నని గొట్టం లోపలికి పంపి, రక్తం కారే మొలల మొదట్లో చిన్న రబ్బరు బ్యాండ్లు బిగిస్తారు. కోత లేదు, కుట్లు లేవు, సాయంత్రానికి ఇల్లు. అయితే మత్తు ఇస్తారు గనుక తోడుగా మనిషి రావాలి. కిందటి నెల ఒంటరిగా వెళ్లిన నీలకంఠాన్ని ఆ కారణంగానే తిప్పి పంపారు. ఈసారి ఏ ఆటోవాణ్నో బతిమాలి కూర్చోబెడదామనుకున్నాడు. ఇదీ తప్పితే మళ్లీ నెల దాకా వంతు రాదు. ఒంట్లో రక్తం అన్నాళ్లు ఆగేలా లేదు.

సెలవు అడిగినప్పుడు ఫోర్‌మన్ కామరాజు కారణం అడిగాడు. అసలు మాట నోటిదాకా వచ్చి, సిగ్గుపడి వెనక్కి పోయింది; దాని బదులు పెళ్లిచూపులన్న మాట బయటపడింది.

పెళ్లిచూపులకు ఒంటరిగా వెళ్లే మగవాణ్ని కామరాజు తన సర్వీసులో చూడలేదు. గురువారం తెల్లారేసరికి ఆటోలో వచ్చి, పూర్ణా మార్కెట్ ఆపిల్ పళ్లతో, మల్లెపూలతో, తోటి కార్మికుడు నరేష్‌తో సహా గుమ్మంలో నిలబడ్డాడు.

"పెద్దలు లేకుండా వెళ్తే పిల్లనెవరిస్తారయ్యా?" అన్నాడు.

రాత్రంతా విరేచనాల మందు తాగి వడలిపోయిన పెళ్లికొడుకును నరేష్ ఎగాదిగా చూశాడు. "ఏటి బావ, ఒక్క రాత్రికే ఇలా సిక్కిపోనావ్? బెంగెట్టుకున్నావేటి?"

ఏ ఊరని అడిగితే నీలకంఠం నోటికి అందిన పేరు ఆనందపురం. ఆటో నిజంగానే అటు తిరగబోయింది. వంతు పోతుందన్న భయంతో, అమ్మాయి నగరంలోనే ఆసుపత్రిలో పనిచేస్తుందని, అక్కడికే వచ్చి చూడమందని రెండో అబద్ధం ఆడాడు. కాలం మారిందని కామరాజు సరిపెట్టుకున్నాడు.

ఆసుపత్రి హాల్లో నర్సు హిమబిందు ఫైలుతో వచ్చి, నీలకంఠం తరఫువాళ్లు ఎవరని అడిగింది. కామరాజు లేచి, చొక్కా సవరించుకుని, పళ్లబుట్ట ఆమె చేతుల్లో పెట్టాడు. కుర్రాడికి తాగుడు లేదని, ఉద్యోగం పర్మినెంటని, అత్తాఆడపడుచుల బెడద అసలే లేదని వివరించాడు. ఆమె ఓపికగా విన్నది.

"అవన్నీ తరవాత సెప్దురుగాని, ఈయన కడుపు బాగా కాళీ అయిందా, లేదా?"

కామరాజు కుదిర్చిన పదకొండు సంబంధాల్లోనూ ఈ ప్రశ్న రాలేదు. నరేష్ మల్లెపూల పొట్లం కూడా అందించబోయాడు.

"నాను ఇద్దరు పిల్లల తల్లినండి," అంది హిమబిందు. "ఈయనకి మొలలకి బ్యాండ్లెయ్యాల. మీలో సంతకం ఎవరెడతారు?"

హాలంతా విన్నది. నీలకంఠం నేలవైపు చూశాడు. క్రేన్ గదిలో కూడా అంత ఒంటరితనం అతను ఎరగడు. కామరాజు కళ్లజోడు పెట్టుకుని సంతకం చేశాడు. రోగికి ఏమవుతారన్న చోట కాసేపు ఆలోచించి, 'పెద్ద' అని రాశాడు.

అరగంటలో మూడు బ్యాండ్లు బిగించారు. మత్తు దిగి కళ్లు తెరిచాక, పక్కన ఎవరూ ఉండరనే అలవాటు కొద్దీ నీలకంఠం గోడవైపు తిరిగాడు. వెనుక ఎవరో దగ్గారు. నరేష్‌ను టీకి పంపి, కామరాజు కూర్చుని ఉన్నాడు. తిట్లకు సిద్ధపడి నీలకంఠం కళ్లు మూసుకున్నాడు.

"మూడేళ్లుగా నాకూ రక్తం పడుతోందయ్యా," అన్నాడు కామరాజు చాలా మెల్లగా. "ఇంట్లో నలుగురున్నారు. ఒక్కరికీ చెప్పుకోలేకపోయాను. ఇందాకే కౌంటర్లో పేరు రాయించా, వచ్చే నెలకి. తోడెవరంటే నీ పేరు చెప్పాను."

నీలకంఠం కళ్లు తెరిచి ఇటు తిరిగాడు. మరొకరి కాగితంలో తన పేరు ఉండటం అతనికి కొత్త.

"ఇంటికాడ ఏటని సెప్తారు సార్?"

"నీకు పెళ్లిచూపులని."

ఆ ఏడాది నీలకంఠం మరో ఏడుసార్లు పెళ్లిచూపులకు వెళ్లాడు. ప్రతిసారీ ఆ ఆసుపత్రికే, ప్రతిసారీ కర్మాగారంలోని వేరే పెద్దమనిషికి తోడుగా.