ఏడుపు లేని ఆసుపత్రి

ఇచ్చోడ దాటాక హైవే పక్కనున్న ఒక ప్రభుత్వ మాతాశిశు ఆసుపత్రిలో పిల్లలు ఏడవడం మానేశారు. ఈ శుభవార్తను ప్రజలందరికీ సవినయంగా తెలియజేస్తున్నాం. ఆసుపత్రి పేరు చెప్పడం లేదు. చెబితే మిగతా ఆసుపత్రులు చిన్నబుచ్చుకుంటాయి.

ఈ ఘనతకు మూలం హెడ్ నర్సు జ్యోతిరాణి. ఆమె బొగ్గుగని కాలనీలో షిఫ్టు సైరన్ల మధ్య పెరిగిన మనిషి, చప్పుడంటే మొదటి నుంచీ గిట్టదు. ఉత్తమ ప్రసూతి సేవలకు పురస్కారం ఇస్తామని పైనుంచి కబురు వచ్చినప్పుడు సూపరింటెండెంటు డాక్టర్ వెంకటేశ్ సిబ్బందిని సలహాలు అడిగారు. మంచాలు పెంచుదామని ఒకరు, నర్సులను ఇంకొందరిని వేయించుకుందామని ఒకరు అన్నారు. ఇంత తేలిక పనికి అంత శ్రమ ఎందుకని ఆయన ఇద్దరినీ కూర్చోబెట్టారు. ఆ రోజు తలనొప్పితో ఉన్న జ్యోతిరాణి, వార్డులో పిల్లలు ఏడవకుండా ఉంటే చాలు సార్, చూడ్డానికి వచ్చినవాళ్లకు అంతా బాగున్నట్టే ఉంటుంది అంది. విసుగుతో అన్న మాట. మన దేశంలో చాలా పథకాలు అలాగే పుట్టాయి.

సూపరింటెండెంటు లేచి నిలబడి ఉపన్యసించారు. “ఏడుపు అనేది సేవాలోపానికి సంకేతం. సంకేతాన్ని నిర్మూలిస్తే, లోపం దానంతట అదే సిగ్గుపడి తప్పుకుంటుంది. ఈ మహత్తర ఆశయానికి సిస్టర్ జ్యోతిరాణి గారు సారథ్యం వహిస్తారు.” పతకం కూడా ఆమె మెడలోనే పడుతుందన్నారు. జ్యోతిరాణి తలనొప్పి అక్కడికక్కడే తగ్గిపోయింది.

పని శాస్త్రీయంగా మొదలైంది. పిల్లలు ఎక్కువగా సూదిమందుకు ఏడుస్తున్నారని తేలడంతో సూదిమందు ఆపేశారు. టీకాలను బస్టాండుకు మార్చారు. అక్కడ ఎవరు ఏడ్చినా బస్సు రాలేదనే అనుకుంటారు. ఇంత చేసినా ఏడ్చే మొండి పిల్లలను మెరుగైన చికిత్స కోసం ఆదిలాబాద్ పెద్దాసుపత్రికి రెఫర్ చేశారు. జ్వరంతో ఏడ్చినవాడూ వెళ్లాడు, కడుపునొప్పితో ఏడ్చినదీ వెళ్లింది, ఆకలికి ఏడ్చినవాడు కూడా తల్లితో సహా అంబులెన్సు ఎక్కాడు. చివరికి వార్డులో ఏ జబ్బూ లేని పిల్లలు మాత్రమే మిగిలారు. చికిత్స ఫలితాలు అద్భుతంగా ఉన్నాయని సూపరింటెండెంటు సంతోషించారు. తల్లులు కూడా త్వరగా దారికొచ్చారు. బిడ్డ పెదవి వణికితే చాలు, నోరు మూయడానికి చెయ్యి సిద్ధంగా ఉంచుకునేవారు.

పురస్కార కమిటీ వచ్చే రోజు రానే వచ్చింది. సరిగ్గా ఆ పొద్దుటే పక్క ఊరి జమున నొప్పులతో వచ్చింది. వెంట వచ్చిన తల్లి దేవవ్వకు గేటు దగ్గరే నియమాలు వివరించారు. దేవవ్వకు అర్థమైంది ఒక్కటే, చప్పుడు చేస్తే బిడ్డను బండెక్కించి పంపుతారు. కాన్పు ఐపోయేదాకా జమున కొంగు కరిచిపట్టి నొప్పులన్నీ మింగింది. అంత క్రమశిక్షణ గల గర్భిణిని జ్యోతిరాణి తన సర్వీసులో చూడలేదు.

కమిటీ వరండాలోకి వచ్చేసరికి పిల్లవాడు పుట్టాడు. పుట్టి, ఏడవలేదు.

సూపరింటెండెంటు తలుపు సందులోంచి చూశారు. పుట్టగానే ఏడవని బిడ్డ అంటే ఏమిటో ఆయనకు తెలుసు. దేవవ్వకు తెలుసు, కసవు ఊడ్చే ఆయాకూ తెలుసు. కానీ ఆయన చేతుల్లో కమిటీ పెద్దకు వేయాల్సిన పూలదండ ఉంది. అందుచేత ఆయన వెనక్కి తిరిగి, మా దగ్గర పుట్టుకతోనే నిశ్శబ్దం పాటిస్తారండీ అన్నారు. కమిటీ చప్పట్లు కొట్టింది. నెమ్మదిగానే కొట్టింది.

జ్యోతిరాణి చేతుల్లో పిల్లవాడు నీలంగా, మెత్తగా ఉన్నాడు. పతకం గుర్తుకు రాలేదని చెబితే అబద్ధమవుతుంది, వచ్చింది. కానీ చేతులు ఆమె మాట వినలేదు. గబగబా ఒళ్లు తుడిచాయి, వీపు రుద్దాయి, అరికాళ్ల మీద తట్టాయి. ఐనా ఉలుకూ పలుకూ లేదు. ముక్కూ నోరూ కప్పి మాస్కు ఆనించి, గాలిసంచి నొక్కుతూ ఊపిరి అందించింది. ఏడువు నాయనా, ఒక్కసారి ఏడువు అని ఏసయ్యనూ సమ్మక్కనూ కలిపి మొక్కుకుంది.

పిల్లవాడు ఎక్కిళ్లు పెట్టాడు. తర్వాత కెవ్వుమన్నాడు. ఆ గొంతు విన్నాక జ్యోతిరాణికి ప్రాణం లేచొచ్చింది.

అంతలోనే దేవవ్వ ఉరికివచ్చి మనవడి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. “ఊకో కొడుకా, ఊకో. నువ్వు ఏడిస్తే నిన్ను, మీ అమ్మను బండెక్కిస్తరు.”

జ్యోతిరాణి ఆ ముసలి చేతి వంక చూసింది. తను నేర్పిన పాఠమే అది.

“చెయ్యి తియ్యి అవ్వా,” అంది. “ఏడ్వనీ. ఏడిస్తేనే బతుకుతడు. ఎవలొచ్చి పంపుతరో నేను చూస్త.”

చెయ్యి తీసేసరికి పిల్లవాడు అందుకున్నాడు. పక్క వార్డులో ఇన్నాళ్లు బిగబట్టుకున్న పిల్లలు ఒక్కొక్కరే జత కలిశారు. తర్వాత తల్లులు ఏడ్చారు. అప్పుడు గాని జమున కొంగు వదిలి గట్టిగా అరవలేదు. కమిటీవారు చెవులు మూసుకుని కార్లెక్కారు.

పురస్కారం ఇంకో ఆసుపత్రికి వెళ్లింది. అక్కడ ఏడుపు అన్నదే లేదు. కట్టడం పూర్తయింది గాని, ఇంకా తలుపులు తెరవలేదు. నవజాత శిశువును అతిథుల సమక్షంలో ఏడిపించినందుకు జ్యోతిరాణికి మెమో ఇచ్చారు.

పిల్లవాడి తొట్టెల పండుగకు దేవవ్వ ఇంటివాళ్లు జ్యోతిరాణిని పిలిచి, చీర పెట్టి, ముందు వరసలో కూర్చోబెట్టారు. మన ఆసుపత్రికి రావలసిన పురస్కారాన్ని పోగొట్టినవాడు వీడేనని చూపించుకుంటూ పెద్దలు నవ్వుకున్నారు. తాత లచ్చయ్య మనవణ్ణి తొట్టెలలో వేసి, తలమీద చెయ్యి పెట్టి నిండు మనసుతో దీవించాడు.

“ఐన కాడికి ఐంది. ఇగ బుద్ధిగ ఉండు బిడ్డా. పెద్దోళ్ల ముంగట నోరు తెరువకు. కడుపు కాలినా అడుగకు. గీ పోరడు శానా మంచోడు అని నలుగురితోని అనిపించుకో.”

జ్యోతిరాణి చేతిలో అక్షింతలు చేతిలోనే ఉండిపోయాయి. మనమందరం చల్లి, భోజనాలకు లేచాం.