తరుగు పోను మూడు కిలోలు

రెండో శనివారం పొద్దున రవీందర్ వేసుకున్న లెక్క చాలా చిన్నది. పదింటికల్లా మిర్యాలగూడలో ఉండాలి. తన గిటారు ఇచ్చి, తేలికపాటి గిటారు తెచ్చుకోవాలి. నాలుగింటికి కోదాడ చర్చిలో ప్రాక్టీసుకు నిలబడాలి. ఈ మూడు పనుల్లో ఎవరితోనూ ఎక్కువ మాట్లాడే అవసరం లేదు కాబట్టి రోజు బాగానే గడుస్తుందని అనుకున్నాడు.

మునగాల పశువుల దవాఖానలో అతను అటెండరు. కోదాడ చర్చిలో పందొమ్మిదేళ్లుగా బాస్ గిటారు వాయిస్తున్నాడు. నాలుగు లావు తీగల గిటారు అది. పాటకు అడుగున ఉండి దుమ్ దుమ్‌మని నడిపిస్తుంది. ఇంటికి పునాది రాయి ఎట్లాగో, పాటకు అది అట్లా. పునాదిని చూసి ఇల్లు బాగుందని ఎవరూ అనరు. పందొమ్మిదేళ్లలో రవీందర్‌తోనూ ఎవరూ ఏమీ అనలేదు. అందుకు అతనికి కోపం లేదు. కోపమంతా పోయిన ఆదివారం కీబోర్డు వాయించే శ్రీనాథ్ అన్న మాటతో మొదలైంది.

"భుజం నొస్తే కూసో అన్నా. కీబోర్డుల బాస్ ఉంటది గద. నా ఎడమ చేతితోని గుంజేస్త."

ఆ మాట వారం రోజులుగా రవీందర్ గొంతులో చేపముల్లులా ఉంది. రేపటి నుంచి కోదాడలో మూడు సాయంత్రాలు సువార్త సభలు. నాలుగైదు మండలాల జనం వస్తారు. ఆ మూడు రోజులు శ్రీనాథ్ ఎడమ చేయి సరిపోయిందంటే, నాలుగో రోజు నుంచి రవీందర్‌తో ఎవరికీ పని ఉండదు.

భుజం నొప్పి మాత్రం నిజమే. శుక్రవారం నాడు దవాఖానలో గొర్రెపిల్లలను తూచే కాటా మీద గిటారు పెట్టి చూశాడు. నాలుగు కిలోల ఆరు వందలు. జీవాలకు మందు కోసం వచ్చిన దుర్గయ్య, గొంగడి మడతేసిన భుజంతో పక్కనే నిలబడి చూశాడు. గిటారును కాదు, దాని పట్టీని చూశాడు.

"నొప్పి బరువుది కాదు సారూ. గీ వయసుల గూడ కుంటి గొర్రెను ఊరు దాక మోసుకొస్త నేను. నీ పట్టీ సన్నగున్నది, నున్నగున్నది. కోస్తది, జారుతది."

"గొర్రె వేరు, గిటారు వేరు దుర్గయ్యా."

"వేరే సారూ. గొర్రె కాళ్లు గూడ కొట్టుకుంటది," అని దుర్గయ్య గొర్రెల కడుపులో పురుగులకిచ్చే నట్టల మందు సీసా తీసుకొని వెళ్లిపోయాడు.

రవీందర్ ఆ మాట పట్టించుకోలేదు. అప్పటికే మిర్యాలగూడలో పరశురాములు అనే అతనితో ఫోన్‌లో మాట్లాడి ఉన్నాడు. పరశురాములు రైస్ మిల్లులో కాటా గుమస్తా; పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రాలో బాస్ వాయిస్తాడు. "నాది మూడంటే మూడే కిలోలు సారూ. నేను కూసొని వాయించేటోన్ని, నాకు బరువుతోని పనిలేదు. నీ దాని సౌండు గట్టిగుంటదంటున్నవ్ గద. మార్చుకుందాం రా," అన్నాడు.

శనివారం పొద్దున రవీందర్ భుజానికి బామ్ రాసుకుంటుంటే భార్య ప్రమీల చూసింది.

"ఏ భుజం?"

"ఎడమది."

"ఎడమదా?" అంది ప్రమీల, చేతిలో గరిటె ఆపి.

గిటారు మోసేది ఆ భుజమే గద అని అతను అనవలసింది. అనలేదు. చెప్పులు వేసుకొని, గిటారు వీపుకు తగిలించుకొని బండి తీశాడు. మాట్లాడకపోవడం వల్ల అతనికి జీవితంలో తప్పిన తగాదాలు చాలా ఉన్నాయి. ఆ ఒక్క మాట మిగుల్చుకున్నందుకు మాత్రం సాయంత్రం దాకా అనుభవించాడు.

ప్రమీల స్త్రీల ప్రార్థన గ్రూపులో ఒక మెసేజ్ పెట్టింది. "మా ఆయనకు ఎడమ భుజంలో నొప్పి. దయచేసి ప్రార్థించండి." ఆ గ్రూపులో ఒక పద్ధతి ఉంది. ప్రార్థించినవాళ్లు ఆ మనవిని ఇంకొకరికి అందించాలి. అందించేటప్పుడు, దేవుడు తేలిగ్గా తీసుకోకూడదని ఒక్కొక్కరూ ఒక్కొక్క మాట కలిపారు. రవీందర్ గరిడేపల్లిలో టీ తాగడానికి ఆగేసరికి ఆ నొప్పి భుజం దిగి గుండెకు చేరింది.

మొదటి ఫోన్ పాటల బృందంలోని సింధూజది.

"అంకుల్, మీరు బండి నడుపుతున్నరా? గుండెల నొప్పి పెట్టుకొని?"

"గుండె కాదు. భుజం."

"గట్లనే మొదలైతదట అంకుల్. మా పెద్దనాన్నకు గూడ గట్లనే."

"మీ పెద్దనాన్న మంచిగనే ఉండె గద."

"ఇప్పుడు లేడు గద అంకుల్."

టీ చల్లారేలోగా ఇంకా నాలుగు ఫోన్లు వచ్చాయి. ఒకాయన బొప్పాయి తినమన్నాడు, ఇంకొకాయన బొప్పాయి ముట్టొద్దన్నాడు. రవీందర్ ఫోన్ ఆపేసి జేబులో వేసుకున్నాడు. తరువాత ఫోన్ చేసినవాళ్లకు స్విచాఫ్ అని వచ్చింది. స్విచాఫ్ అంటే ఏమిటో ఎవరికి వాళ్లు అర్థం చేసుకున్నారు.

పరశురాములు మిల్లు గేటు దగ్గరే గిటారు పట్టుకొని నిలబడ్డాడు. రవీందర్ ఎత్తి చూశాడు. తేలికే, కాని చెప్పినంత తేలిక కాదు. ఇన్నేళ్లు గొర్రెపిల్లలను ఎత్తిన చేతులకు ఆ మాత్రం తెలుస్తుంది.

"కాటా మీద పెట్టు," అన్నాడు.

వడ్లు తూచే కాటా మీద పెట్టారు. మూడు కిలోల తొమ్మిది వందలు చూపించింది.

"మూడన్నవ్ గద."

"మూడే సారూ. తరుగు తీసి చెప్పిన."

"దేని తరుగు?"

"సంచి, తేమ, తాలు." పరశురాములు ముఖంలో మోసం ఏమీ లేదు. ఇరవై రెండేళ్లుగా రైతుల వడ్లను అట్లా తూచిన మనిషి. "కాటా ఏది సూపెడితే గదే చెప్తె మా సేటు ఊకుంటడా? నోటికి గదే అలవాటైంది."

"గిటారుల తాలేంది?"

"తాలు లేకపోవచ్చు. కట్టెల తేమ అయితే ఉంటది గద సారూ."

రవీందర్ తండ్రి బతుకంతా ఈ మాట వింటూనే వడ్లు అమ్మాడు. ఆ పాత కోపం లేచి వచ్చి ఈ కొత్త కోపం పక్కన కూర్చుంది. ఏదో అనబోయి, ప్రమీలకు ఒక మాట చెబుదామని ముందు ఫోన్ ఆన్ చేశాడు. చేయగానే అది మోగింది. కోదాడ చర్చి అయ్యగారు.

"బ్రదర్, మీరు ఇంటికెళ్లి పడుకోండి. మూడు రోజులూ శ్రీనాథ్ చూసుకుంటాడులెండి. కీబోర్డులో ఆ శబ్దం ఉంటదంట కదా."

"అయ్యగారూ, నాకేం కాలే."

"విశ్వాసంతో అంటున్నారు. సంతోషం. అయినా రిస్కు వద్దు."

రవీందర్ తన పట్టీ విప్పుకొని, గిటారు పరశురాములు చేతిలో పెట్టాడు. "నాలుగు కిలోల ఆరు వందలు. దీనికి తరుగు తీసినవంటే మళ్ల వస్త," అని కొత్త గిటారు వీపున వేసుకొని బండి ఎక్కాడు. మామూలు రోజైతే దాన్ని భుజానికి వేసుకొని, అరగంట నిలబడి వాయించి చూసేవాడు. ఆ రోజు అంత సేపు నిలబడే కోపం కాదది.

కోదాడ చేరేసరికి అందరూ ఉన్నారు. అతను నిలబడే చోట ఒక ప్లాస్టిక్ కుర్చీ, దాని ఎదురుగా ఫ్యాను పెట్టి ఉన్నాయి. రవీందర్ కుర్చీని కాలితో పక్కకు జరిపి, గిటారు తగిలించుకొని నిలబడ్డాడు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. తేలిక కోసం ఆ గిటారు ఒంటిని చెక్కేశారు గాని, మెడ మాత్రం అంతే పొడవు, అంతే బరువు. వెనుక బస్తాలు దించిన ఎడ్లబండి ముందుకు మొగ్గినట్టు, చేయి వదిలితే చాలు మెడ నేలవైపు దిగిపోతోంది. నున్నటి పట్టీ దాన్ని ఆపదు. రవీందర్ ఎడమ చేత్తో మెడను పైకి ఎత్తిపట్టి, మోచేయి ఒంటికి అదిమి, పళ్లు బిగించి వాయించసాగాడు. రెండో చరణానికి చెమటలు కారాయి. కోపానికి ముఖం కందిపోయింది.

పాట ఆగిపోయింది.

"అంకుల్ చెయ్యి సూడుండ్రి. గుండె కాడ పట్టుకున్నడు," అంది సింధూజ.

"నాకేం కాలే. దూరం జరుగుండ్రి."

"గుండెపోటు వచ్చినోళ్లందరు గట్లనే అంటరట అన్నా," అన్నాడు శ్రీనాథ్, అప్పటికే ఫోన్‌లో అంబులెన్సుకు దారి చెబుతూ.

నలుగురు పట్టుకొని పడుకోబెట్టారు. ఒకరు చొక్కా గుండీలు విప్పారు, ఇంకొకరు అరికాళ్లు రుద్దారు. రవీందర్ గింజుకున్న కొద్దీ ఇంకో ఇద్దరు వచ్చి పట్టుకున్నారు. గుండె కేసు గనుక సూర్యాపేట తీసుకుపోతే మంచిదని ఎవరో అన్నారు. గిటారును శ్రీనాథ్ చేతిలో పెట్టి పోవడానికి అతను ఒప్పుకోలేదు. చివరికి దాన్ని కూడా అతని పొట్ట మీదే పెట్టి ఎక్కించారు.

"బీపీ మస్తున్నది," అన్నాడు అంబులెన్సు కుర్రవాడు.

"ఉంటది. బండి ఆపి దింపు, తగ్గుతది."

మునగాల దగ్గర బండి నిజంగానే ఆగింది. హైవే మీద దుర్గయ్య మంద అడ్డం వచ్చింది. సైరన్ విని దుర్గయ్య జీవాలను గబగబా తోలి, అద్దంలోంచి లోపలికి తొంగి చూశాడు. మనిషిని ఒక్కసారి, పట్టీని రెండుసార్లు చూశాడు.

సూర్యాపేటలో డాక్టరు గుండె పరీక్షలన్నీ చేసి, కాగితం తిప్పి తిప్పి చూశాడు. "మీ గుండె రాయి లెక్క ఉంది. నొప్పి భుజం కండది. బీపీ ఒక్కటే ఎక్కువుంది. ఈ రోజు దేనికైనా కోపమొచ్చిందా?"

రవీందర్ మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఎక్కడికెల్లి చెప్పాలె సార్?"

ఆదివారం పొద్దున దుర్గయ్య ఇంటికి వచ్చాడు. అతని చేతిలో జానెడు వెడల్పు గొంగడి ముక్క, రెండు మడతలు వేసి దబ్బనంతో కుట్టినది ఉంది. పాత పట్టీ విప్పి, దాన్ని గిటారుకు కట్టి రవీందర్ భుజాన వేశాడు. గరుకు ఉన్ని చొక్కాను పట్టుకుంది. బరువు భుజమంతా పరుచుకుంది. రవీందర్ రెండు చేతులూ వదిలేశాడు. గిటారు మెడ ఎక్కడ పెడితే అక్కడే నిలబడింది.

"పాత గిటారుకు గిదే కట్టుకుంటే సరిపోయేది గద," అన్నాడు రవీందర్.

"మొన్ననే చెప్పిన గద సారూ."

"టీ తాగి పో," అన్నాడు రవీందర్. అతని దగ్గర అంతకన్నా పెద్ద మెచ్చుకోలు లేదు.

కాని ఆ సాయంత్రం ప్రమీల అతన్ని వేదిక ఎక్కనివ్వలేదు. ముందు వరసలో కూర్చోబెట్టి పక్కనే కాపలా కూర్చుంది. శ్రీనాథ్ కుడి చేత్తో పాట, ఎడమ చేత్తో బాస్ మొదలుపెట్టాడు. నాలుగు పాటలు బాగానే సాగాయి. అయిదో పాటకు అడుగు సడలింది. ఆరో పాటలో పాడేవాళ్లు ఒక చరణంలో, డ్రమ్ములు ఇంకో చరణంలో ఉన్నాయి. జనం చప్పట్లు ఎటు కొట్టాలో తెలియక ఆపేశారు. అయ్యగారు మొదటిసారిగా వేదిక మీద నుంచి రవీందర్ వైపు చూశారు. రవీందర్ చేతులు కట్టుకొని పందిరి గుంజ వైపు చూస్తూ కూర్చున్నాడు.

సోమవారం పొద్దున్నే ఫోన్ మోగింది.

"అన్నా, ఇయ్యాల నువ్వే రావాలె. అయ్యగారు గూడ చెప్పమన్నడు," అన్నాడు శ్రీనాథ్. గొంతు సగమై ఉంది. "ఎడమ చెయ్యి లేస్తలేదు. భుజం కాడికెల్లి గుంజుతున్నది."

"కీబోర్డుల బాస్ ఉంటది గద."

"ఉంటదన్నా. చెయ్యి గూడ ఉండాలె గద."

"వస్త," అన్నాడు రవీందర్. ఫోన్ పెట్టేసి, గొంగడి పట్టీ దులిపి భుజాన వేసుకున్నాడు. "నీ ఫోనిటియ్యి," అని ప్రమీలను అడిగి తీసుకొని, స్త్రీల ప్రార్థన గ్రూపు తెరిచి, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ టైపు చేశాడు. "తమ్ముడు శ్రీనాథ్‌కు ఎడమ భుజంలో నొప్పి. దయచేసి ప్రార్థించండి."