మునియప్పన్ సామికి మూడు రోజుల శిక్షణ

రైతుకు లేనిది డబ్బు కాదు, డబ్బును గురించిన జ్ఞానం. ఈ సత్యాన్ని పైన కూర్చున్న పెద్దలు ఏడు సమావేశాలు పెట్టి, ఏడింటిలోనూ వేయించిన జీడిపప్పు తిని, కనిపెట్టారు. కనిపెట్టిన వెంటనే 'సేద్య వ్యాపార నిర్వహణ, ధన జ్ఞాన నిధి' అని ఒకదాన్ని పుట్టించారు. (పేరు పెట్టడానికి ఎనిమిదో సమావేశం జరిగింది. అందులో బాదంపప్పు.) ఆ నిధిలో ప్రతి నూరు రూపాయలకూ అరవై నేర్పేవాళ్ళకు, ఇరవై మంటపం బాడుగకు, పది బ్యానరుకు, తొమ్మిది కాఫీ బోండాలకు. మిగిలిన ఒక్క రూపాయిని ఎలా పొదుపు చేసుకోవాలో రైతుకు నేర్పుతారు.

ఏరియూరు పక్కన మూడెకరాల మెట్ట చేసుకునే చిక్కమ్మకు ఇవేవీ తెలియవు. తెలిసిందొక్కటే: శిక్షణ ముగించి సర్టిఫికెట్టు తెచ్చుకున్నవాళ్ళకు చొప్ప నరికే మిషను ఊరికే ఇస్తారట. చిక్కమ్మకు రెండు పాడి ఆవులు. పూటకు రెండు మోపుల జొన్న చొప్ప. నలభై ఏళ్ళుగా దాన్ని కత్తితో నరికీ నరికీ ఆమె కుడి భుజం ఎప్పుడో రాజీనామా ఇచ్చేసింది. చెయ్యి చెవి దాకా లేవదు. తల దువ్వాలంటే కోడలు ఇంద్రాణి రావాలి. ఇంద్రాణి మంచి పిల్లే గానీ, దువ్వెన చేతికిస్తే పాత బాకీలన్నీ తీర్చుకుంటున్నట్టు దువ్వుతుంది. కాబట్టి మిషను రావాలి.

పేర్లు రాసుకోవడానికి నిధి తరఫున ధర్మపురి నుంచి యోగలక్ష్మి అనే అమ్మాయి స్కూటీ మీద వచ్చి, ఫోను తెరిచి, పొలం గట్టు మీదే కూర్చుంది. ఆ గట్టు చివరే మునియప్పన్ సామి ఉన్నాడు. పన్నెండడుగుల సిమెంటు విగ్రహం, ఉరిమే కళ్ళు, చెవుల దాకా మీసం, చేతిలో కత్తి. ఆయన ముందు ఆ ఊళ్ళో ఎవరూ అబద్ధం చెప్పరు. (ఒకడు చెప్పాడంటారు. వాడి బావి ఇంకా ఊరలేదు.)

"అవ్వా, పదకొండో ప్రశ్న. ఏ పంట వేయాల, ఎప్పుడు అమ్మాల అని తీర్మానం చేసేది ఎవురు?"

"ఇంకెవురు? సామే. ఎర్ర పూవు ఒక పొట్లంలో, తెల్ల పూవు ఒక పొట్లంలో కట్టి ఆయన కాళ్ళ కాడ పెడతాము. కండ్లు మూసుకోని ఒకటి ఎత్తేది. ఎర్రదొస్తే సరే, తెల్లదొస్తే వద్దు. పోయినేడు శెనక్కాయ వద్దన్నాడు. వేసినోళ్ళంతా మునిగిపోయినారు."

"మా ఇంట్లోనూ పూవు అడుగుతారవ్వా, నాకు తెలీదా? ఫోనుకు మాత్రం నీ పేరు చెప్పు, చాలు."

"నా పేరా? ఆయన వింటా ఉండాడు గదే పాపా!"

"మెల్లిగా చెప్పు."

"మెల్లిగా చెప్తే ఇంకా చెవి పెట్టి వింటాడు."

యోగలక్ష్మికి ఆ పూట ఇంకా పద్నాలుగు ఇళ్ళున్నాయి. నిట్టూర్చి 'మునియప్పన్' అని కొట్టింది. ఇక మార్చడానికి వీలు లేదని ఫోను సంతోషంగా తెలియజేసింది. తీర్మానం చేసేవాడే నిర్వాహకుడు, నిర్వాహకుడే లబ్ధిదారు. ఇది నిబంధన. చిక్కమ్మకూ ఇంద్రాణికీ కలిపి కింద ఒక గడి మిగిలింది: 'ఇంట్లో ఇతరులు ఇద్దరు. వృత్తి: పని లేదు.'

వారానికి సామికి పిలుపు వచ్చింది. ధర్మపురి కల్యాణ మంటపానికి మూడు రోజులు రావాలి. ఫోటోలో రెండు చెవులూ కనబడాలి, ఆయుధం ఉండరాదు. వయసు గడిలో రెండంకెలే పడతాయి కనుక తొంభై తొమ్మిది అని వాళ్ళే వేసుకున్నారు.

చిక్కమ్మ కోడలిని వెంటబెట్టుకుని, రెండు బస్సులు మారి, జిల్లా జ్ఞానాధికారి మాదప్పన్ ముందు నిలబడింది.

"ఆయన సామి, సార్. లేచి రాలేడు."

మాదప్పన్ నిబంధనల పుస్తకం తిరగేశాడు. ఒక పేజీ దగ్గర ఆయన కళ్ళు చెమర్చాయి. "నలభై రెండో విభాగం! కదలలేని లబ్ధిదారుకు ఉన్నచోటనే శిక్షణ. ఐదేండ్లుగా దీన్ని ఒక్కరూ వాడలేదమ్మా!"

"ఆయన బదులు నేను కూచుంటే కాదా సార్?"

"నీకు పని లేదు గదమ్మా," అన్నాడు మాదప్పన్, చాలా మర్యాదగా.

అలా కేశవన్ అనే శిక్షకుడు ప్రొజెక్టరుతో, దాన్ని నడిపే బ్యాటరీతో గట్టు మీదికి వచ్చాడు. రెండు వేప చెట్లకు తెల్ల గుడ్డ కట్టి, మూడు రోజులు సామికి వ్యాపారం చెప్పాడు. ఆవేశంలో నిర్ణయాలు తీసుకోరాదని చెప్పేటప్పుడు మాత్రం కత్తికి కొంచెం దూరంగా జరిగాడు. సామి రెప్ప వేయలేదు. ఫోను చూడలేదు. మధ్యలో లేచి పోలేదు. పన్నెండేళ్ళ అనుభవంలో కునుకు తీయని రైతును ఇప్పుడే చూశానని కేశవన్ రాసిచ్చాడు. (సామి వంతు బోండాలు నైవేద్యం పెట్టి, తర్వాత కేశవనే తిన్నాడు.) మూడు రోజులూ నీళ్ళు, మజ్జిగ, కుర్చీలు మోసింది చిక్కమ్మ, నడుమ నడుమ పోయి చొప్ప నరికి వచ్చింది.

చివరి రోజు పరీక్ష. అవును, కాదు అని పది ప్రశ్నలు. చిక్కమ్మ పది జతల పొట్లాలు కట్టింది. యోగలక్ష్మి కళ్ళు మూసుకుని ఎత్తింది. పదికి ఎనిమిది! జిల్లాలో మొదటి స్థానం. (అదే పరీక్షలో కేశవన్‌కు ఆరు.)

"తప్పిన రెండూ ఏవని అడగవా అవ్వా?" అంది యోగలక్ష్మి.

"ఆయన తప్పేదేంది? ప్రశ్న తప్పుగా అడిగింటారు."

నెలకు మిషను వచ్చింది. పచ్చ రంగు, మెరిసే చక్రం. చిక్కమ్మ దాన్ని ఎడమ చేత్తో నిమిరింది. వ్యానుతో వచ్చినవాళ్ళు దాన్ని సామి కాళ్ళ దగ్గర గుంత తీసి బోల్టులు బిగించారు. లబ్ధిదారు ఉన్నచోటనే మిషనూ ఉండాలి. ఇతరులు వాడితే వెనక్కి తీసుకుంటారు.

"ఈడ కరెంటు లేదు గదా పాపా?"

"కరెంటు గడి నా ఫోనులో లేదవ్వా. నువ్వు మాత్రం ముట్టద్దు. నెలకొక ఫోటో పంపాల."

"సరే, ముట్టను. ఆయన దాంతో ఏం నరుకుతాడే?"

యోగలక్ష్మి ఫోనంతా వెతికింది. ఆ ప్రశ్న కూడా లేదు. ఇంద్రాణి మిషనుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, సామికి వేయగా మిగిలిన గన్నేరు దండ వేసింది.

ఏడాది తర్వాత నిధి నివేదిక వెలువడింది. జిల్లాలో చెక్కుచెదరకుండా ఉన్న ఏకైక యంత్రం ఏరియూరు దగ్గరిది. ఫోటో కింద ఒక వాక్యం: 'యంత్రం అందిన తర్వాత లబ్ధిదారు భుజానికి ఎటువంటి నొప్పీ లేదు.'

ఇంద్రాణి అది చదివి వినిపిస్తే, చిక్కమ్మ కత్తిని ఎడమ చేతికి మార్చుకుని, ఇంకో మోపు ముందుకు లాక్కుంది.

"నిజమే గదే," అంది. "సామి ఎదురుగా కూచోని అబద్ధం ఎవురు రాస్తారు?"