కర్టెన్ రాడ్డు

ఆ శనివారం పొద్దున ఫ్రిడ్లి లేగ్లర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిది గంటల బస్సెక్కి పట్నం పోవాలి, చవకలో ఒక పాత సైన్యపు తుపాకి కొనాలి, మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి. మర్నాడు ఊరి గురి సంఘంలో అందరి పక్కనా బోర్లా పడుకుని నాలుగు తూటాలు కాల్చాలి. పోటీల కోసం కాదు, సరదాకే. ఆ సరదా వెనక ముప్పయ్యేళ్ళ కడుపుమంట ఉన్న సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

ఆ మంట పేరు బాల్ట్స్ స్టూసి. ఎదురిల్లే. ఒంటిగాడు. ఏటా పోటీలో పతకం తెస్తాడు, తెచ్చి వరండా గోడకు తగిలిస్తాడు. అవన్నీ ఫ్రిడ్లి వంటింటి కిటికీలోంచి కనిపిస్తాయి. ఆ దేశపు ఆచారం ప్రకారం ఊళ్ళో ప్రతి మగవాణ్ణీ ఇరవయ్యేళ్ళకే శిక్షణకు పిలిచి సైన్యం తుపాకి ఇచ్చింది. ఫ్రిడ్లి పాదాలు చూసిన డాక్టరు మాత్రం "ఇవి పాదాలా, పీటలా?" అని ఇంటికి పంపించేశాడు. పైగా ఫ్రిడ్లి భార్య రేగులాతో, వాళ్ళ పెళ్ళికి ముందు, బాల్ట్స్ తిరునాళ్ళలో నాట్యం చేశాడు. ఆ కిటికీకి కర్టెన్ కట్టమని రేగులా ఆరేళ్ళుగా అడుగుతోంది. కర్టెన్ ఉంటే బాల్ట్స్ మీద నిఘా ఎలా పెట్టడం? అందుకే ఫ్రిడ్లి ఇవాళ రేపు అంటూ నెట్టుకొస్తున్నాడు.

తుపాకి సంగతి ఆమెకు చెప్పలేకపోవడానికి కారణం ఒకటే. చెప్తే వెంటనే "బాల్ట్స్‌ని అడుగు, ఎలాంటిది కొనాలో చెప్తాడు" అంటుంది. ఆ మాట వినే ఓపిక అతనికి లేదు. "పన్ను లాగుతోంది, చూపించుకొస్తా" అని చెప్పి బయటపడ్డాడు.

దుకాణంలో ముసలి ట్షుడి రెండు తుపాకులు బల్ల మీద పెట్టాడు. రెండూ సైన్యం పక్కన పడేసిన పాత 'ముప్పై ఒకటి' రకమే. ఒకదానికి అక్రోటు చెక్క, అద్దంలా మెరుస్తోంది. రెండోదాని చెక్క అడుగంతా ఎలకలు కొరికినట్టుంది.

"మెరిసేదే బాగుంది కదా" అన్నాడు ఫ్రిడ్లి.

"పెళ్ళిచూపులకొచ్చావా ఏంటి?" అన్నాడు ట్షుడి. "చెక్క చూసి కొనేవాడు గోడకు తగిలించుకుంటాడు. గొట్టంలోకి చూడు."

ఫ్రిడ్లి వెలుతురుకేసి పెట్టి చూశాడు. మెరిసేదాని గొట్టం లోపల పొగచూరినట్టుంది. కొరికినదాని లోపల మెలితిరిగిన గాడులు కొత్తవాటిలా ఉన్నాయి.

"ఆ దెబ్బలు బూటుకంటిన మంచు దులపడానికి చెక్కని తన్నినవి. వాటివల్ల గురికేం నష్టం లేదు. సగం ధరకే ఇస్తా. దీని తూటాలు మీ గురి మైదానంలోనే దొరుకుతాయి. చెక్క చివర బిగించిన వెనక రేకు కింద పాత సైనికుడి పేరు చీటీ ఉంటే ఉండొచ్చు, తీసి చూసుకో."

ఫ్రిడ్లి కొరికినదే తీసుకుని, ఆకారం తెలియకుండా గోధుమరంగు కాగితం నాలుగు చుట్లు చుట్టించాడు. ట్షుడి అతన్ని జాలిగా చూశాడు.

బస్సులో ఇద్దరు మోకాళ్ళ మధ్య తుపాకులు పెట్టుకుని జున్ను ముక్కలు తింటున్నారు. వాళ్ళకేసి ఎవరూ చూడలేదు. అందరూ ఫ్రిడ్లి మూటకేసే చూశారు.

"ఏంటి ఫ్రిడ్లీ, అంత భద్రంగా చుట్టావ్?" అన్నాడు డ్రైవరు.

ఫ్రిడ్లి నోటికి మొదట వచ్చింది అనేశాడు. "కర్టెన్ రాడ్డు."

"మంచిది. రేగులా ఎప్పట్నించో అడుగుతోంది."

ఈ సంగతి డ్రైవరుకెలా తెలుసని కాసేపు అసూయ పడి, ఫ్రిడ్లి ఒక స్టాపు ముందే దిగి దొడ్డిదారిన నేలమాళిగలోకి చేరాడు. బస్సు మాత్రం రేగులా పనిచేసే కిరాణాకొట్టు దాకా వెళ్ళింది. డ్రైవరు కడుపులో మాట దాగదు. మొగుడు పంటినొప్పితో కూడా కర్టెన్ రాడ్డు మోసుకొచ్చాడని విని రేగులా కళ్ళు తుడుచుకుంది, కొట్టు గంట ముందే మూసింది, పువ్వుల గుడ్డ నాలుగు మీటర్లు కత్తిరించింది. రాడ్డు బిగించడానికి డ్రిల్లింగు మిషను కావాలి. అది ఊళ్ళో ఎవరి దగ్గరుందో వేరే చెప్పక్కర్లేదు.

కింద ఫ్రిడ్లి రెండు మరలూ విప్పి, వెనక రేకు తీశాడు. మడత పెట్టిన చీటీ నిజంగానే ఉంది. పెన్సిలు రాత, చెక్కుచెదరలేదు. మొదటి వరుస: బాల్ట్సర్ స్టూసి. రెండో వరుస: ఏదైనా జరిగితే తెలియజేయవలసినది, రేగులా ట్స్వికి.

ట్స్వికి రేగులా పుట్టింటి పేరు. ఫ్రిడ్లికి నిజంగానే పన్ను లాగడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే పైన అడుగుల చప్పుడు, బాల్ట్స్ గొంతు, పళ్ళెం పెట్టిన శబ్దం. ఫ్రిడ్లి తుపాకి కాగితంలోకి తోసి చంకన ఇరికించుకుని, చీటీ జేబులో పెట్టుకుని మెట్లెక్కాడు. వంటింట్లో బాల్ట్స్ రేగుపళ్ళు పొదిగి కాల్చిన తీపి టార్టు తింటున్నాడు, సగం అయిపోయింది కూడా.

"వచ్చావా. నీకు సూపు పెట్టా, పన్నునొప్పితో టార్టు తినలేవుగా" అంది రేగులా. ఆమె అతన్ని ఇంత ప్రేమగా చూసి ఎన్నేళ్ళయిందో. "రాడ్డు అదేనా?"

"ఇలా ఇవ్వు, రెండు కన్నాలేస్తే అయిపోయె" అంటూ బాల్ట్స్ చేయి చాచి మూట అందుకున్నాడు.

"పొట్టిది. సరిపోదు. మార్చాలి" అన్నాడు ఫ్రిడ్లి. కాని అప్పటికే కాగితం చిరిగింది. కొరికిన చెక్క బయటపడింది. బాల్ట్స్ నోట్లో టార్టు అలాగే ఆగిపోయింది. అతను తుపాకి తిప్పి చూడకుండానే, కిటికీకేసి చూస్తూ దాని ఆరంకెల నంబరు గడగడా వల్లించాడు. రేగులా వంగి తుపాకి మీద చెక్కిన అంకెలు చూసింది. నంబరు అదే.

"నీదేగా" అన్నాడు ఫ్రిడ్లి. జేబులోంచి చీటీ తీసి టార్టు పక్కన పెట్టాడు. "ముప్పయ్యేళ్ళుగా నన్ను వెర్రివాణ్ణి చేశారు. ఇది చదివి ఇప్పుడు చెప్పండి ఇద్దరూ."

రేగులా చీటీ చదివింది. ఆమె మొహం ఎర్రబడింది, తర్వాత మామూలైంది. "నాకిది తెలియదు. అయినా ఏదైనా జరిగిందని నాకెవరూ తెలియజేయలేదే" అంది బాల్ట్స్‌తో.

"జరిగింది" అన్నాడు బాల్ట్స్ చెంచా కింద పెట్టి. "పదిహేడు వారాల శిక్షణ. మంచులో పాకుతూ, ఈ చెక్కని బూటుతో తన్నుకుంటూ ఉన్నాను. తిరిగొచ్చేసరికి తిరునాళ్ళలో నువ్వు వీడితో నాట్యమాడుతున్నావ్. ఆ పీట పాదాలతో. ఊళ్ళో కుర్రాళ్ళంతా శిక్షణలో ఉంటే మిగిలింది వీడొక్కడే. కొత్తరకం తుపాకి ఇచ్చినప్పుడు, ఇది కావాలంటే ఉంచుకోమన్నారు. చూడలేక ఇచ్చేశాను."

ఫ్రిడ్లి తన పాదాలకేసి చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ వాటిని తిట్టడమే తప్ప ఇలా చూసింది లేదు.

"మరి అన్ని పతకాలు?" అన్నాడు నెమ్మదిగా.

"ఏం చేయమంటావ్. మీరిద్దరూ ఈ కిటికీలో రోజూ కాఫీ తాగుతారు. నేనేమో గోడకు పతకాలు తగిలిస్తాను, మీకైనా కనబడతాయని." బాల్ట్స్ తుపాకి అతని చేతిలో పెట్టాడు. "మంచిదే ఏరావ్. తూటా ఎడమకి అరవేలు పోతుంది, చూసి కాల్చు."

"ముందు కిటికీకి కర్టెన్ వేయించు" అంది రేగులా మొగుడికేసి తిరిగి. "పన్ను నొప్పట. నీ సంగతి తర్వాత చెప్తా." చెప్పి, టార్టులో మిగిలిన సగం అతని ముందుకు తోసింది.

బాల్ట్స్ వెళ్ళాక ఫ్రిడ్లి నేలమాళిగలో కూర్చుని పెన్సిలు చెక్కాడు. కొత్త చీటీ దండగనిపించింది. పాతదాని మీదే మొదటి వరుస కొట్టేసి తన పేరు రాశాడు. రెండో వరుసలో మాత్రం ఇంటిపేరు మారిస్తే సరిపోయింది.